స్లో కుక్కర్లో రాత్రి పెట్టి పొద్దున్నే తినే ఓట్స్ జావ: ఎవరైనా రోజూ చేస్తున్నారా?

మూడులాంతర్లు (విజయనగరం)

అందరికీ నమస్తే. నాకు విశాఖలో ఉద్యోగం. రైలు అందుకోవాలంటే ఆరుంపావుకల్లా ఇంట్లోంచి కదలాలి. ఈలోగా పిల్లలిద్దరికీ క్యారేజీలు కట్టాలి. అత్తగారికి షుగరు, ఆవిడకి టైముకి ఏదో ఒకటి కడుపులో పడాలి. ఇడ్లీ పిండి ఉన్న రోజు ఫర్వాలేదు. లేని రోజు అందరికీ బ్రెడ్డే. నేనైతే రైల్లో బిస్కెట్ ప్యాకెట్టుతో సరిపెట్టేస్తున్నాను.

మా ఆడపడుచు మూడున్నర లీటర్ల స్లో కుక్కర్ (సన్న వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుండ) ఒకటి ఇచ్చింది. రాత్రి ఓట్స్ వేసి నీళ్లు పోసి పడుకుంటే తెల్లారేసరికి జావ తయారని చెప్పింది. పెట్టి చూశాను. మూత తీస్తే మధ్యలో జిగురు ముద్ద, చుట్టూ గిన్నె అంచుకి వడియంలా ఎండి అంటుకుపోయిన పెచ్చు. సగం పాలు, సగం నీళ్లు పోశాను, పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా ఉన్నాయి. ఓట్స్ మామూలువే, సూపర్ మార్కెట్లో దొరికేవి.

ఇది అసలు అయ్యే పనేనా? చేస్తున్నవాళ్లు కొలతలతో సహా చెప్పండి ప్లీజ్.


షిఫ్టుబస్సు (రణస్థలం)

నాదీ ఇదే బాధ. పైడిభీమవరంలో డ్యూటీ, పొద్దున్న షిఫ్టయితే బస్సు ఐదున్నరకే వచ్చేస్తాది. రూములో ఒక్కణ్ణే, ఇండక్షన్ స్టవ్ తప్ప ఏటీ లేదు. ఎవరేం చెప్తారో చూస్తున్నా.


అరసవల్లి అక్క (శ్రీకాకుళం)

అవుతుంది తల్లీ, ఎందుకవదు. మా అబ్బాయి దగ్గర అమెరికాలో ఉన్నన్నాళ్లూ కోడలు ఇదే చేసేది. ఇక్కడికి వచ్చాక నేనూ పట్టుకున్నాను.

ముందు ఓట్స్ సంగతి. మన షాపుల్లో కనిపించే డబ్బాల్లో నూటికి తొంభై గింజని ఆవిరి పట్టి రోలర్ల మధ్య నొక్కినవి. పొయ్యి మీద ఐదు నిమిషాల్లో ఉడికిపోతాయి. అలాంటివాటిని ఎనిమిది గంటలు వేడి మీద ఉంచితే జిగురు కాక ఇంకేమవుతుంది? రాత్రంతా ఉడకాలంటే స్టీల్‌కట్ ఓట్స్ కావాలి. అవి నొక్కినవి కావు, గింజని అడ్డంగా రెండు మూడు ముక్కలుగా కోసినవి. శ్రీకాకుళంలో నాకు ప్రతిసారీ దొరకవు, ఆన్‌లైన్లో తెప్పించుకుంటాను.

పాలు రాత్రి పోయొద్దు. అన్ని గంటల వేడికి పాలు విరుగుతాయి, అడుగంటుతాయి, వాసన కూడా మారుతుంది. పొద్దున్న దించాక కాచిన పాలు కలుపుకో.

ఇక ఆ పెచ్చు. ఈ కుక్కర్లకి వేడి ఎక్కువగా చుట్టూ గోడల్లోంచి వస్తుంది. నీది మూడున్నర లీటర్లది, అందులో ఒక కప్పు ఓట్స్ వేస్తే అడుగున ఒక మూలకి సరిపోతుంది. గిన్నె సగమైనా నిండకపోతే అంచులు ఎండిపోతాయి, మాడతాయి. అందుకని గిన్నెలో గిన్నె పెట్టు. లీటరున్నర పట్టే స్టీలు గిన్నె తీసుకుని లోపలంతా నెయ్యి రాయి. ఒక కప్పు స్టీల్‌కట్ ఓట్స్, నాలుగు కప్పుల నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి ఒకసారి కలుపు. కుక్కర్ పింగాణీ గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి ఈ స్టీలు గిన్నె అందులో దింపు. బయటి నీళ్లు స్టీలు గిన్నెకి సగం ఎత్తు దాకా వస్తే చాలు, మరీ పైకి వస్తే లోపలికి చిందుతాయి. గాజు మూత చుట్టూ సమంగా కూర్చోవాలి, లోపలి గిన్నె అంచు దాన్ని ఎత్తిపెట్టకూడదు. నాబ్ 'లో' మీద పెట్టి పడుకో. ఏడు నుంచి ఎనిమిది గంటలు. నలుగురికి వస్తుంది.

మధ్యలో లేచి మూత తీసి చూడకు. తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్లీ ఎక్కడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది.


బొబ్బిలి కుర్రోడు (బొబ్బిలి)

నాలుగు కప్పుల నీళ్లంటే మరీ పలచగా ఉండదా అక్కా? ప్యాకెట్ మీద రెండుకి ఒకటి అని రాసుంది.


అరసవల్లి అక్క

ప్యాకెట్ మీద రాసింది నొక్కిన ఓట్స్‌కి బాబూ. స్టీల్‌కట్ ఎక్కువ నీళ్లు తాగుతుంది. చల్లారేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది కూడా. గరిటె జారుగా ఉన్నప్పుడే బాగుంటుంది.


చీపురుపల్లి మాష్టారు (చీపురుపల్లి)

ఫిజిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి, చాదస్తం అనుకోకండి. 'లో' అంటే తక్కువ వేడి, 'హై' అంటే ఎక్కువ వేడి అని చాలామంది అనుకుంటారు. చాలా మోడళ్లలో రెండూ చివరికి చేరేది ఇంచుమించు ఒకే వేడికి, మరుగుకి కాస్త దిగువకి. తేడా అక్కడికి ఎంతసేపట్లో చేరుతుందన్న దానిలోనే. అందుకే రాత్రికి 'లో' పెట్టమంటున్నారు అక్కగారు. 'హై' పెడితే మీరు మంచి నిద్రలో ఉండగానే జావ అయిపోయి, మిగతా రాత్రంతా ఊరికే ఎండుతుంది.

కరెంటు బిల్లు గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. కుక్కర్ అడుగున స్టిక్కర్ మీద వాట్లు ఉంటాయి. చిన్నవి నూటయాభై, మీలాంటి సైజువి సుమారు రెండువందలు. 200 వాట్లు, 8 గంటలు అంటే 1.6 యూనిట్లు. అంతకు మించదు. ఒక ఆంపియరు కూడా లాగదు కాబట్టి మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు చాలు. కాకపోతే వదులుగా ఉన్న ప్లగ్గులో పెట్టి రాత్రంతా వదిలేయకండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు.

ఇంకొక్క మాట. ఈ యంత్రం వెనక కథ ఉంది. ఇర్వింగ్ నాక్సన్ అని చికాగో ఇంజనీరు, 1940లో పేటెంటు పొందాడు. వాళ్లమ్మ లిథువేనియాలో పుట్టింది. అక్కడి యూదులు శనివారం పొయ్యి ముట్టించరు కాబట్టి శుక్రవారం సాయంత్రమే చిక్కుళ్లు, మాంసం ఉన్న కుండ ఊరి రొట్టెల బట్టీకి పంపేవారు. బట్టీలో మిగిలిన వేడికి రాత్రంతా ఉడికేది. ఆ సంగతి తల్లి చెప్పగా విని ఈయన ఆ కుండకి కరెంటు పెట్టాడు. 1970లో రైవల్ అనే కంపెనీ ఆ వ్యాపారం కొనుక్కుని మరుసటి ఏడాది క్రాక్‌పాట్ పేరుతో వదిలింది. మన పెరట్లో పిడకల దాలి మీద పాలకుండ పెట్టి సాయంత్రం దాకా వదిలేయడం ఇదే సూత్రం కదా. ఆ ఎర్రటి మీగడ తిన్నవాళ్లకి ఈ కుక్కర్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు.


బొబ్బిలి కుర్రోడు

మాష్టారూ, పరీక్షలో ఇది ఎన్ని మార్కుల ప్రశ్న?


చీపురుపల్లి మాష్టారు

నీకు రెండు. అదీ వాట్ల లెక్క చేస్తేనే.


పొందూరు రాట్నం (పొందూరు)

ఇంత తంతు ఎందుకో నాకు అర్థం కావట్లేదు. ఎక్కడో చలిదేశాల్లో గుర్రాలకేసిన గింజలు తెప్పించుకుని, వాటిని కరెంటు మీద రాత్రంతా ఉడికించి, లోపల గిన్నె, బయట గిన్నె... మన చోడి (రాగి) అంబలికి ఏమొచ్చింది? రాత్రి చోడి పిండి నీళ్లలో కలిపి మూతేసి వదిలేస్తే చాలు, దాని పని అది చేసుకుంటుంది, ఒక్క పైసా కరెంటు అక్కర్లేదు. పొద్దున్న నూకలు ఉడుకుతుండగా ఆ పులిసిన పిండి పోసి కలిపితే అయిపోయింది. చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మా తాత దాంతోనే మధ్యాహ్నం వరకు దుక్కి దున్నేవాడు.

మన విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానం వాళ్లు చోళ్లలో మంచి మంచి రకాలు తెచ్చారు, వేగావతి, సువర్ణముఖి అని మన ఏర్ల పేర్లే పెట్టారు. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మనమేమో ఓట్స్ ఎలా ఉడకాలని చర్చ పెట్టుకుంటున్నాం.


మూడులాంతర్లు

రాట్నం గారూ, అంబలి అంటే నాకూ ఇష్టమే. మా అమ్మ చేస్తే రెండు గ్లాసులు తాగుతాను. కానీ మీరు 'అయిపోయింది' అన్నారే, నూకలు ఉడకడం, పిండి పోసి అడుగంటకుండా కలపడం, చల్లారడం, ఆ అరగంటే నాకు లేనిది. ఆ అరగంట మీ ఇంట్లో ఎవరు నిలబడి కలుపుతారో కూడా చెప్పండి.


అరసవల్లి అక్క

అలా అడుగు.


పొందూరు రాట్నం

సరే, ఇంట్లో ఆవిడే కలుపుతుంది, ఒప్పుకున్నాం. అయితే చోడి పిండే ఆ కుక్కర్లో వేసేయొచ్చు కదా? ఓట్స్ ఎందుకు?


అరసవల్లి అక్క

పిండి వేస్తే కుదరదు. కలపకుండా రాత్రంతా వదిలేస్తే పిండి అడుగుకి దిగిపోయి గడ్డ కడుతుంది, పైన నీళ్లు నీళ్లుగా తేలుతుంది. స్లో కుక్కర్‌కి నూకలాంటి ధాన్యమే పనికొస్తుంది, కదపకపోయినా ఎక్కడికక్కడ ఉబ్బి ఉడుకుతుంది. జొన్న నూక బ్రహ్మాండంగా వస్తుంది. పొయ్యి మీద జొన్న నూక ఉడకడానికి ఎంతసేపు పడుతుందో తెలుసు కదా, రాత్రంతా మెల్లగా ఉడికితే దాని మొండితనం పోతుంది. ఒకటికి ఐదు నీళ్లు. కొర్రలైతే సాయంత్రం నానబెట్టి, ఆ నీళ్లు వంపేసి, ఒకటికి నాలుగున్నర. మిగతాదంతా ఓట్స్‌కి చెప్పినట్టే, గిన్నెలో గిన్నె.

నిజం చెప్పాలంటే మా ఇంట్లో ఇప్పుడు ఓట్స్ కంటే జొన్న నూకే ఎక్కువ పడుతోంది. మా ఆయనకి ఓట్స్ జిగురు నచ్చదు.


పథ్యం (శ్రీకాకుళం)

డైటీషియన్‌గా పనిచేస్తాను. ఓట్స్ వర్సెస్ చోళ్లు గొడవలో ఇద్దరికీ సగం సగం న్యాయం ఉంది. చోళ్లలో కాల్షియం వంద గ్రాములకి సుమారు 360 మిల్లీగ్రాములు, ఓట్స్‌లో యాభై దరిదాపు. ఇందులో పోటీయే లేదు. ప్రోటీన్ మాత్రం చోళ్లలో ఏడు గ్రాములుంటే ఓట్స్‌లో పదమూడు పైనే. ఓట్స్ ప్రత్యేకత బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు. ఆ జిగురు అదే. రోజుకి 3 గ్రాములు తీసుకుంటే చెడు కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుందన్నది బాగా రుజువైన విషయం. కానీ ఒక పూట తినే నలభై గ్రాముల ఓట్స్‌లో అది ఒకటిన్నర గ్రాముకి కాస్త ఎక్కువ, అంతే. చిన్న గిన్నెడు తిని గుండెకి బీమా చేయించినట్టు అనుకోవద్దు.

మూడులాంతర్లు గారి అత్తగారి విషయం. ఇన్‌స్టంట్ ఓట్స్ రక్తంలో చక్కెరని గబుక్కున పెంచుతాయి, స్టీల్‌కట్ నెమ్మది. అయితే స్టీల్‌కట్‌నైనా రాత్రంతా మెత్తటి గుజ్జయ్యేదాకా ఉడికిస్తే ఆ లాభం కొంత తగ్గుతుంది. పంటికి పలుకు తగులుతుండగా దించేస్తే మంచిది, ఎనిమిది గంటలకి బదులు ఆరున్నర, ఏడు గంటలకి చూడండి. ఆవిడ గిన్నెలో బెల్లం, అరటిపండు వద్దు. పక్కన ఉడికించిన గుడ్డో, కాసిని పెసలో ఉంటే చక్కెర అంత త్వరగా పెరగదు. తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూసుకుంటే ఏ గిన్నె ఆవిడకి పడుతోందో దానితోనే తేలిపోతుంది. నేను చెప్పేదానికంటే ఆ అంకే నయం.


కవిటి తోట (కవిటి)

మేడమ్, మాది ఉద్దానం. నాన్నగారికి క్రియాటినిన్ ఎక్కువుంది, డయాలసిస్ దాకా రాలేదు. ఓట్స్ ఆరోగ్యానికి మంచివని పక్కింటివాళ్లు చెప్తే ఆయన కూడా తింటానంటున్నారు. పెట్టొచ్చా?


పథ్యం

మీరు అడిగి మంచి పని చేశారు. కిడ్నీ జబ్బులో 'ఆరోగ్యానికి మంచిది' అన్న మాట చాలాసార్లు తిరగబడుతుంది. ఓట్స్, చోళ్లు, కొర్రలు, ఏ దంపుడు ధాన్యమైనా తెల్ల అన్నం కంటే పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ. ధాన్యంలో ఉన్న ఫాస్ఫరస్ మొత్తం ఒంటికి పట్టదు, అయినా ఆయన రక్తపరీక్షలో ఆ రెండూ ఎంతున్నాయో చూడకుండా పెట్టొచ్చని ఎవరూ అనకూడదు. నేనూ అనను. పలాసలో 2023 డిసెంబరు నుంచి కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఉన్నాయి, రిపోర్టులు తీసుకెళ్లి అక్కడి డాక్టరుని అడగండి.

జావ కంటే దాని మీద వేసేవాటితోనే ఎక్కువ చిక్కు. అరటిపండు, ఖర్జూరం, జీడిపప్పు, బెల్లం, వీటన్నిటిలోనూ పొటాషియం ఉంది. మీ వైపు నీళ్లకి బదులు కొబ్బరినీళ్లు పోసి ఉడికించమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం అస్సలు వినొద్దు.


కవిటి తోట

కొబ్బరినీళ్లు మా ఇంట్లో మంచినీళ్లకి బదులు తాగుతాం మేడమ్. నాన్నగారు కూడా. వచ్చే వారం చెకప్ ఉంది, ముందు అది అడుగుతాను.


పథ్యం

చెకప్ దాకా ఆగకండి. ఇవాళే ఆయన డాక్టరుకి ఫోన్ చేసి కొబ్బరినీళ్ల సంగతి చెప్పండి. అప్పటిదాకా ఆయనకి మామూలు మంచినీళ్లే.


షిఫ్టుబస్సు

మధ్యలో నా గోల. రాత్రి కరెంటు పోతే ఏటి పరిస్థితి? మా వైపు గాలేస్తే చాలు పోతాది, ఎప్పుడొస్తాదో తెలీదు. తిత్లీ తుపాను టైములో మా అక్కోళ్లది పలాస పక్కన ఊరు, రోజుల తరబడి లేదు.


చీపురుపల్లి మాష్టారు

తిత్లీ నాటి రాత్రి (2018 అక్టోబరు 11న కదా తీరం దాటింది) ఎవరూ ఓట్స్ గురించి ఆలోచించి ఉండరు. మామూలు కోతల సంగతి చెప్తాను.

తిప్పే నాబ్ ఉన్న కుక్కరయితే కరెంటు రాగానే దానంతటదే మళ్లీ మొదలవుతుంది. బటన్లు, అంకెలు ఉన్నవి చాలావరకు ఆగిపోయి అలాగే ఉండిపోతాయి. నాబ్ రకంలో ఇంకో ఇబ్బంది, మధ్యలో రెండు మూడు గంటలు పోయి వచ్చినా మీకు తెలీదు. దానికో ఉపాయం: పాత కరెంటు గడియారం ఒకటి అదే బోర్డులో పెట్టండి, ఎంతసేపు వెనకబడిందో అంతసేపు కరెంటు పోయినట్టు.

భయమెందుకంటే, ఉడికిన గింజలు 60 డిగ్రీల కింద గంటల తరబడి ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. అది విడిచే విషాల్లో ఒకటి మళ్లీ వేడి చేసినా పోదు. పూర్తిగా ఉడికాక కరెంటు పోతే మూత తీయకుండా ఉన్నంతవరకు రెండు గంటల దాకా ఫర్వాలేదు. పెట్టిన కాసేపటికే పోయి తెల్లారేదాకా రాకపోతే ఆ గిన్నె పారేయాల్సిందే. పుల్లవాసన రాలేదు కదా అని తినకండి, ఇది వాసనతో తెలిసేది కాదు.


పొందూరు రాట్నం

అంటే మా అంబలి పిండి రాత్రంతా బయటే ఉంటుంది, ఇడ్లీ పిండి ఉంటుంది, తరవాణి (పులిసిన గంజి) కుండ రోజుల తరబడి ఉండేది. ఎవరికీ ఏమీ అవ్వలేదే?


చీపురుపల్లి మాష్టారు

మంచి ప్రశ్న, వెటకారంగా అడిగినా సరే. వాటిలో పులుపు పుట్టించే బ్యాక్టీరియా ముందుగా పెరిగి పిండిని ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపులో మిగతావి పెరగలేవు. తరవాణి కుండకి కాపలా ఆ పులుపే. సగం ఉడికి గోరువెచ్చగా మిగిలిపోయిన ఓట్స్‌లో ఆ కాపలా ఉండదు. ఉడికే వేడికి ఆ మేలు చేసేవి చచ్చిపోతాయి, బాసిల్లస్ బీజాలు (స్పోర్లు) మాత్రం బతికి బయటపడతాయి.


పొందూరు రాట్నం

ఇది మాత్రం ఒప్పుకుంటాను. అంబలే గెలిచింది కాబట్టి.


షిఫ్టుబస్సు

టైమర్ సాకెట్ పెట్టుకుంటే? డ్యూటీ నుంచి వచ్చి తొమ్మిదికి పడుకుంటాను, నాలుగున్నరకి లేవాలి. పదిన్నరకి దానంతటదే ఆనయ్యేలా పెడితే మరీ మెత్తగా ఉడికిపోయేలోపు లేస్తాను.


చీపురుపల్లి మాష్టారు

ఒక గంటన్నర, అదీ నీళ్లూ ఓట్స్ మాత్రమే అయితే పెట్టుకో. పాలు గానీ, కోడిగుడ్డు గానీ కలిపితే ఆ మాట వద్దు. మే నెలలో మన గదుల్లో రాత్రి వేడి ఎంతుంటుందో తెలుసు కదా. బటన్ల కుక్కరయితే టైమర్ సాకెట్ కరెంటిచ్చినా అది మొదలవ్వదు, నాబ్ రకమే కావాలి.


బొబ్బిలి కుర్రోడు

తమ్ముడూ షిఫ్టుబస్సూ, ఒక్కడివే ఉంటే కుక్కర్ కొనకు. వెడల్పు మూతి ఉన్న స్టీలు ఫ్లాస్కు కొనుక్కో. మొదట వేణ్ణీళ్లతో ఫ్లాస్కు నింపి ఐదు నిమిషాలు ఉంచి పారబోయి. ఇండక్షన్ మీద స్టీల్‌కట్ ఓట్స్ పావు కప్పు, ఒక కప్పు నీళ్లు వేసి బాగా మరగనిచ్చి, ఐదు నిమిషాలు ఉడికించి, ఆ మరుగుతున్నది మరుగుతున్నట్టే ఫ్లాస్కులో పోసి బిగించు. పొద్దున్న తెరిస్తే తయారు, బస్సులోనే చెంచాతో తినేయొచ్చు. కరెంటు పోతే అన్న టెన్షన్ లేదు. హాస్టల్లో మేమంతా ఇదే.


చీపురుపల్లి మాష్టారు

మంచి ఫ్లాస్కయితేనే. పొద్దున్న తెరిచేసరికి ఆవిరి రావాలి. చల్లబడిపోయే రకమయితే ఇందాక చెప్పిన ఇబ్బంది దీనికీ ఉంది. నీకు ఇంకో రెండు మార్కులు.


నరసన్నపేట వాసి (నరసన్నపేట)

మా తమ్ముడు అమెరికా నుంచి స్లో కుక్కర్ తెచ్చాడు. ప్లగ్గు పిన్నులు వేరుగా ఉన్నాయి, కన్వర్టర్ పిన్ను కొని పెట్టేస్తే పనిచేస్తుందా?


చీపురుపల్లి మాష్టారు

ఆగండి, పెట్టకండి! పిన్ను మార్చినంత మాత్రాన వోల్టేజి మారదు. అక్కడిది 120 వోల్టులు, మనది 230. వోల్టేజి రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది. 200 వాట్ల కుక్కరు ఇక్కడ ఏడువందల పైచిలుకు వాట్లు లాగి కాయిల్ కాలిపోతుంది, లేదా పింగాణీ పగులుతుంది. అడుగున స్టిక్కర్ మీద 120 అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని రాత్రంతా వేడెక్కనిచ్చి పడుకోవడం నాకైతే ఇష్టం లేదు. పగలు పప్పో, మాంసమో వండుకోవడానికి ఉంచుకోండి. ఓట్స్ కోసమైతే ఇక్కడిదే కొనండి.


నిర్వాహకులు

ఏ కంపెనీ కుక్కర్ కొనాలి అని పర్సనల్ మెసేజుల్లో అడుగుతున్నారట. ఇక్కడే అడగండి, కానీ అమ్మకపు లింకులు పెట్టొద్దు.


మూడులాంతర్లు

అక్కా, స్టీల్‌కట్ వచ్చాయి, మీరు చెప్పినట్టే గిన్నెలో గిన్నె పెట్టాను. పెచ్చు లేదు! మూత తీసేసరికి పైన వేలెడు మందాన నీళ్లు తేలుతున్నాయి, మూత లోపలి వైపు నుంచి చుక్కలు కారుతున్నాయి. పాడయ్యిందేమో అనుకుంటూనే గరిటె పెట్టి కలిపాను. కలుపుతుంటే కింద ఉన్న గింజలు పైకి వచ్చి, ఆ నీళ్లన్నీ పీల్చుకుని రెండు నిమిషాల్లో చిక్కబడింది. గింజ గింజ తెలుస్తోంది, నోట్లో పలుకు తగులుతోంది. పిల్లలకి పాలు, తాటిబెల్లం తురుము, పలాస జీడిపప్పు వేస్తే గిన్నెలు నాకేశారు.

అత్తగారితోనే పేచీ. రెండు చెంచాలు తిని 'ఇదేటమ్మా, ఆసుపత్రిలో పెట్టే జావలా ఉంది, నాకేం రోగమొచ్చిందని' అన్నారు. షుగరు అన్న సంగతి ఆవిడకి గుర్తుండదు.


అరసవల్లి అక్క

ఆవిడకి ఉప్పు కారం తగలాలి తల్లీ. రాత్రే చిన్న మూకుడు, పోపు డబ్బా పొయ్యి పక్కన సర్దిపెట్టుకో. పొద్దున్న ఒక చెంచా నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, అల్లం తరుగు, కరివేపాకు వేసి ఆవిడ గిన్నెలోకి తీసిన దాంట్లో కలిపెయ్. ఐదు నిమిషాల పని. కాస్త చల్లారాక చిక్కటి మజ్జిగ పోసి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేసి, పక్కన మాగాయ ముక్క పెట్టు. తినకపోతే నన్నడుగు.

బెల్లం విషయం ఒకటి గుర్తుపెట్టుకో. పాలు పోసి వేడిగా ఉన్నప్పుడే బెల్లం వేస్తే పాలు విరుగుతాయి. ముందు బెల్లం కలిపి, కాస్త వేడి తగ్గాక పాలు పోయి.


పథ్యం

మాగాయలో ఉప్పు చాలా ఉంటుందండీ. ఆవిడకి బీపీ కూడా ఉంటే ముక్క కాదు, నంజుకోవడానికి మాత్రమే.


అరసవల్లి అక్క

మాగాయ లేకుండా మజ్జిగ జావ తినమంటే ఆవిడ బ్రెడ్డే నయమంటుంది మేడమ్. చిన్న ముక్క.


మూడులాంతర్లు

బీపీ లేదండీ, చిన్న ముక్కే పెట్టాను. గిన్నె ఖాళీ అయింది, మాట మాత్రం బయటికి రాలేదు. పక్కింటావిడకి ఫోన్లో 'మా కోడలు ఏదో కొత్త రకం అంబలి చేస్తోంది' అని చెప్తుంటే విన్నాను. రాట్నం గారు సంతోషించాలి.


పొందూరు రాట్నం

సంతోషించాను. మీ అత్తగారికి నా నమస్కారాలు.


షిఫ్టుబస్సు

ఫ్లాస్కు పని చేసిందండోయ్. బస్సులో మూత తీస్తే వెనక సీటాయన 'ఏటి తమ్ముడూ, ఉప్మాయా' అన్నాడు. కొంచెం గట్టిగా ఉంది, రేపు నీళ్లు పెంచుతాను. ఒక డౌటు, నాలుగు రోజులకి ఒకేసారి వండి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా? ఫ్రిజ్ ఓనర్ గారింట్లో ఉంది, ఒక అర ఇస్తామన్నారు.


అరసవల్లి అక్క

మూడు రోజులకి పెట్టుకో. వేడి తగ్గగానే చిన్న డబ్బాల్లో విడివిడిగా సర్ది ఫ్రిజ్‌లోకి పంపెయ్, పెద్ద గిన్నెతో బయట వదిలేయకు. ఫ్రిజ్‌లో ముద్ద కడుతుంది, తినేముందు అర కప్పు నీళ్లు పోసి చెంచాతో విడగొట్టి బాగా పొగలొచ్చేదాకా వేడి చెయ్యి. పాలు, మజ్జిగ, బెల్లం ఏవీ ముందే కలిపి దాచకు.


మూడులాంతర్లు

నాదీ ఆఖరి ప్రశ్న. రేపు రాత్రికి జొన్న నూక పెడదామనుకుంటున్నాను. దాంట్లో గుప్పెడు పెసరపప్పు కూడా వేయొచ్చా? ఉప్పు ఎప్పుడు? ఇంకోటి, పొద్దున్న పింగాణీ గిన్నె వేడిగా ఉండగానే సింకులో పెట్టి నీళ్లు వదిలేస్తున్నాను, మా ఆయన వద్దంటున్నారు.


అరసవల్లి అక్క

మీ ఆయన మాట విను. వేడి పింగాణీ మీద చన్నీళ్లు పడితే ఎప్పుడో ఒకప్పుడు చీలుతుంది, తడి గ్రానైట్ గట్టు మీద దించినా అంతే. కింద మడతపెట్టిన గుడ్డ వేసి దాని మీద పెట్టి వెళ్లిపో, సాయంత్రం వచ్చాక కడుక్కో. గిన్నెలో గిన్నె కాబట్టి దానికి అంటుకునేదేమీ ఉండదు, స్టీలు గిన్నె ఒక్కటీ నానబెట్టుకుంటే చాలు.

పెసరపప్పు వేయి, కానీ ముందు దోరగా వేయించు, నీళ్లు ఇంకో కప్పు పెంచు. ఉప్పు పొద్దున్న పోపుతో పాటు.